ఆకు వేసే వేళ

మనిషికి ఆకలి ఎక్కడ పుడుతుంది? కడుపులోనా, నాలుక మీదా, లేక ఎదురుగా కూర్చుని కంచం ముందుకు జరిపే మనిషి చేతిలోనా? ఎన్ని పుస్తకాలు తిరగేసినా, ఎందరి పక్కన కూర్చుని చూసినా ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. దొరకనప్పుడల్లా సొన్నమ్మ గుర్తుకొస్తుంది.

సొన్నమ్మది ముళబాగిలుకు తూర్పున, హైవే దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. ఎకరంన్నర మల్బరీ తోట, రెండు పాడావులు, ఇంటి వెనక రేకుల కప్పు వేసిన పురుగులిల్లు. పదహారేళ్ళకు కోడలిగా వచ్చింది, ఇప్పుడు యాభై నాలుగు. ఈ ముప్పై ఎనిమిదేళ్ళూ ఆమె చేసిన పని ఒక్కటే: ఏదో ఒక ప్రాణికి వేళకు మేత అందించడం. పట్టుపురుగులకు ఆకు, ఆవులకు గడ్డి, కూతురు నేత్రావతికి పెళ్ళయి బంగారుపేట వెళ్ళేదాకా గోరుముద్దలు, మొగుడు ఆవులప్పకు మూడు పూటలా రాగిసంగటి. ఆ ఇంటి గడప తొక్కినవాళ్ళు తినకుండా పోయింది లేదు. కరెంటు మీటరు చూసే మనిషి కూడా ఆ ఇంటిని సరిగ్గా మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చేటట్టు పెట్టుకునేవాడు.

అలాంటి సొన్నమ్మ జనవరిలో ఒకరోజు, కోలారు ఊరి బయటున్న ఆసుపత్రిలో, బరువు చూసే మిషను ముందు తల దించుకుని నిలబడింది. మిషను మీద ఆవులప్ప ఉన్నాడు. అంకె నలభై ఎనిమిది దగ్గర ఆగింది.

ఏడాది కిందట అరవై రెండు కిలోల మనిషి. పెద్దపేగులో గడ్డ అని తేలితే కోసి తీసేశారు. మిగిలిందేమైనా ఉంటే చంపడానికి మూడు వారాలకొకసారి నరంలోకి మందు ఎక్కించాలన్నారు, మొత్తం ఆరుసార్లు. రెండు అయ్యాయి. మూడోదానికని పొద్దున్నే బస్సెక్కి వచ్చారు.

డాక్టరు కాగితాలు చూసి, ఆవులప్ప కనురెప్ప కిందికి లాగి చూసి, కలానికి మూత పెట్టేశాడు.

"ఈ రోజు ఇవ్వలేనమ్మా. రక్తం తగ్గింది. మందు మొదలుపెట్టినప్పటికీ ఇప్పటికీ ఆరు కిలోలు పోయింది. ఈ ఒంటికి ఇస్తే గడ్డ కంటే ముందు మనిషి పడిపోతాడు. వారం తర్వాత రండి. బరువు ఇట్లే దిగుతా ఉంటే మిగతా నాలుగూ ఇచ్చేది కష్టం."

"ఇయ్యకుంటే ఏమయితాది సార్?"

డాక్టరు ఒక చీటీ ఆమె వైపు జరిపాడు. "ముందు బాగా తినిపించండి," అన్నాడు.

తినిపించమని సొన్నమ్మకు ఒకరు చెప్పాల్సి వచ్చింది.

డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని వరండా చివరి గదికి వెళ్ళారు. రోగులు ఏం తినాలో చెప్పే శశికళ అక్కడ కూర్చుంటుంది. నలభై దాటిన మనిషి. పుట్టిందీ పెరిగిందీ బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో, కోరమండల్ గని కూలీల లైన్లలో. తెలుగు మాట్లాడితే మధ్యలో అరవం, కన్నడం దొర్లుతాయి.

"వాంగ అక్కా, కూర్చోండి. అన్నా, మీరూనూ. నిన్న పొద్దున లేచినప్పట్నించి ఏమేం తిన్నారు? ఒక్కొక్కటే చెప్పండి."

ఆవులప్ప నోరు తెరిచేలోగా సొన్నమ్మ అందుకుంది. "బాగనే తింటాడమ్మా. పొద్దున గంజి. పగలు మెత్తటన్నం, ఉప్పేసి. సాయంత్రం మళ్ళా గంజి. నడమ నడమ నేను చాటుగా పితికిపప్పు చేసి పెడతా, ఆయనకు ప్రాణం. గిన్నె కడిగినట్టు ఖాళీ చేస్తాడు."

"చాటుగా ఏమిటికి అక్కా?"

"మా వొదిన చూస్తే ఊరుకోదు. పథ్యం."

వదిన అంటే ఆవులప్ప అక్క హనుమక్క. పక్కిల్లే. ఆపరేషనయి తమ్ముడు ఇంటికొచ్చిన నాడే ఆమె పథ్యం పట్టించింది. గుడ్డు వేడి, పెరుగు చలవ, శనక్కాయలు పైత్యం, బెల్లం తింటే గడ్డ మళ్ళీ పెరుగుతుంది. అన్నీ తీసేయగా మిగిలింది బియ్యపు గంజి, ఉప్పు. సొన్నమ్మకు మనసొప్పక, వదిన పొలానికి పోయినప్పుడు అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ళతో పితికి, తోలు తీసి, టెంకాయ నూరి పులుసులాంటి సారు కాచేది. పెళ్ళయిన మొదటి ఏడు నుంచీ ఆవులప్ప చలికాలమంటే అనపకాయల కోసమే ఎదురుచూసేవాడు. మొదటిసారి మందు ఎక్కించుకునే రోజున, మొగుడికి కొంచెం ధైర్యంగా ఉంటుందని, క్యారియరు నిండా అదే కట్టుకొచ్చి వార్డులో కూర్చోబెట్టి తినిపించింది. రెండోసారీ అంతే.

శశికళ ఆవులప్ప వైపు తిరిగింది. "అన్నా, నిజం చెప్పండి. గిన్నె ఖాళీ అయ్యేది నిజమేనా?"

ఆవులప్ప పెళ్ళాం వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "ఖాళీ అయ్యేది నిజమేనమ్మా," అన్నాడు. "మా కుక్క ఈ నెలన్నరలో బాగా బలిసింది."

"ఏమంటివి?" అంది సొన్నమ్మ.

"మంచం కాడికి పిలిచి పెడతాంటి. నువ్వు గోళ్ళు నల్లబడేదాకా పితుకుతావు. అది ముక్కు కాడికొస్తానే నాకు ఈ వార్డు వాసనొస్తాది, సూది వాసనొస్తాది. కడుపులో తిప్పేస్తాది. నీకెట్ల చెప్పేది మే?"

"అంతా కుక్కకే పెట్టినావా?"

"అంతా కాదు. గంజి నేనే తాగినా."

శశికళ కాసేపు ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకుని, తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"అక్కా, తప్పు మీదీ కాదు, అన్నదీ కాదు. ఈ మందు గడ్డనొక్కదాన్నే చూసి కొట్టదు. ఒంట్లో ఏదేది వేగంగా పెరుగుతాదో అన్నిట్నీ కొడతాది. వెంట్రుకలు, నాలుక పైపొర, పేగు లోపలి పొర, ఇవన్నీ అరిగిపోతా కొత్తగా వస్తా ఉండేవే. అందుకే రుచి చెడిపోతాది. నోట్లో ఇనుము పెట్టుకున్నట్టుంటాదా అన్నా?"

"తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుండాది."

"మందెక్కే రోజు ఏది తింటే, ఒళ్ళు తన కష్టమంతా దాని మీద వేసేస్తాది. అందుకే ఆ రోజు ఇష్టమైంది పెట్టకూడదు. పెట్టేసినారు, పోనీండి."

"మళ్ళా ఎప్పుడన్నా తింటాడా అమ్మా?"

"తినొచ్చు. తినకపోనూ వచ్చు." శశికళ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "ఇంగొకటి వినండి. మంచంలో సుమ్నే, కదలకుండా పడుకున్నా ఒళ్ళు ఊరికే ఉండదక్కా. జబ్బుతో, మందుతో కొట్లాడతా ఉంటాది. దానికి మేత కావాల. మనం వెయ్యకపోతే తన కండనే పీక్కుని తింటాది. మీ ఆరు కిలోలూ అట్లే పోయినాయి. వట్టి గంజితో కండ రాదు. గుడ్డు, పప్పు, శనక్కాయ, పాలు, పెరుగు, అన్నీ కావాల. తీపి మానేస్తే గడ్డ చావదు, మనిషి చిక్కిపోతాడు. ఏదైనా బాగా ఉడికించి అప్పటికప్పుడు పెట్టండి, నిలవది వద్దు. ఈ మందుకు చల్లటిది తగిలితే వేళ్ళల్లో సూదులు గుచ్చినట్టుంటాది, అందుకని అన్నీ గోరువెచ్చగా. ఒకేసారి కాదు, స్వల్ప స్వల్పం." ఆమె కలం పక్కన పెట్టింది. "మా అప్పా గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. చివర్లో మా అమ్మ సట్టి నిండా వండి ముందర పెట్టి ఏడ్చేది. సట్టి చూస్తేనే ఆయనకు భయం. అరచేతిలో పట్టేంత ఇచ్చింటే తినేవాడేమో అని ఇప్పుడనిపిస్తాది."

సొన్నమ్మ లేచి కొంగు సర్దుకుంది. "పోయొస్తామమ్మా," అంది. ఎక్కడికి పోయినా అందరికీ చెప్పి కదలడం ఆమెకు అలవాటు. నర్సులకు, గేటు కాడ వాచ్‌మనుకు, బస్సు దిగేటప్పుడు కండక్టరుకు కూడా చెబుతుంది.

శశికళ నవ్వింది. "ఇప్పుడు చెప్పండి, పర్వాలేదు. ఆరోది అయిపోయే దినం మాత్రం ఆ మాట నోట రానీయొద్దు. ఈ వార్డుకు మళ్ళా వస్తామని ఎవరూ చెప్పి పోరు."

"చెప్పకుండా ఎట్ల పోతారమ్మా, కోళ్ళ దొంగల మాదిరి?"

"అట్లే పోవాల."

మొగుడూ పెళ్ళాం ముళబాగిలు బస్టాండులో దిగారు. అక్కడ చిత్తూరు బస్సు వెనక లారీలు వరసగా ఆగి ఉంటే, పల్లె బస్సు కోసం నిలబడి, సొన్నమ్మ ఎటో చూస్తూ అంది: "పాపం, కుక్కకు కారం ఎక్కువయిందేమో."

"దానికేం. ఇంగా కావాలని తోకూపుతాండె."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంటికొచ్చేసరికి పురుగులు మూడో జ్వరానికి కూర్చుని ఉన్నాయి. జ్వరమంటే పురుగు పాత తోలు విడిచి కొత్తది తొడుక్కునే సమయానికి ఆ పక్క రైతులు పెట్టుకున్న పేరు. తల పైకెత్తి, కదలకుండా, ఒక పగలూ రాత్రీ అట్లాగే ఉండిపోతుంది. అప్పుడు ఆకు వేయకూడదు. వేస్తే పడకంతా చెమ్మ పట్టి రోగం పుడుతుంది. ముందుగా లేచిన నాలుగు పురుగుల ఆత్రం చూసి వేసినా పంట చెడుతుంది. దాదాపు అన్నీ లేచేదాకా ఆగి, మొదటి మేత లేతాకుగా, పలచగా వేయాలి. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వేయాలో సొన్నమ్మకు తెలిసినంత ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎవరి తట్టలో పురుగు మందగించినా ముందు ఆమెనే పిలుచుకుపోతారు.

ఆకు బుట్ట చంకన పెట్టుకుని ఆమె తట్టల మధ్య నిలబడింది. అలవాటుగా చేయి బుట్టలోకి పోయి, ఆగింది. తెరిచిన తలుపులోంచి ఇంట్లో మంచం కనిపిస్తోంది. ఆవులప్ప గోడకు ఒరిగి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. హనుమక్క గంజి గిన్నె అతని పెదవులకు ఆనించి, "ఇంగ రెండు గుక్కలప్పా, ఇంగ రెండే," అంటోంది.

సొన్నమ్మ బుట్ట కింద పెట్టింది. పురుగుకు చూపిన ఓపిక మొగుడికి చూపలేదని ఆమెకు అనిపించిందో ఏమో, ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇంట్లోకి వెళ్ళి వదిన చేతిలోంచి గిన్నె తీసుకుంది.

"వొదినా, ఈ పొద్దుతో పథ్యం చాలు."

"ఏమ్మే, ఆస్పత్రి వాళ్ళ మాట విని నా తమ్మున్ని చంపుతావా?"

"ఆరు కిలోలు పోయినాడు. మందు ఇయ్యలేమన్నారు. ఇంగో ఆరు పోతే తూకమేసేదానికి మనిషే ఉండడు."

"గుడ్డు పెడితే పుండు చీము పడతాది!"

"పుండు మాని రెండు నెల్లయింది. చూస్తావా, అంగీ ఎత్తమంటావా?"

మంచం మీద నుంచి ఆవులప్ప కళ్ళు తెరవకుండానే అన్నాడు: "అక్కా, నీ కోళ్ళ గుడ్లు ఇస్తావా, అంగట్లో తెచ్చుకోవాల్నా?"

హనుమక్క విసురుగా లేచి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున కిటికీ మీద వరిగడ్డిలో చుట్టిన మూడు గుడ్లు ఉన్నాయి. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత రోజూ ఉండేవి.

ఆ వారం సొన్నమ్మ స్టీలు సామానంతా అటక ఎక్కించింది. వక్కాకు దొన్నెల్లో, అరచేతిలో పట్టేంత పెట్టేది. రాగి జావలో పాలు, వేయించిన శనక్కాయల పొడి, ఇంత బెల్లం. గంటన్నర పోయాక మెత్తటన్నంలో నలిపిన ఉడికిన గుడ్డు. ఇంకోసారి నెయ్యి వేసిన పెసరకట్టు, పైన నిమ్మకాయ పిండి. రోజుకు ఏడెనిమిది సార్లు. దొన్నె పక్కన పెట్టి వెళ్ళిపోయేది, తిన్నావా అని అడిగేది కాదు. కుక్కను మాత్రం పశువుల కొట్టంలో కట్టేసింది.

వారం తర్వాత ఆసుపత్రి వరుసలో నిలబడి ఆవులప్ప గుసగుసగా అడిగాడు. "రెండు చెంబుల నీళ్ళు తాగి ఎక్కుదునా మే?"

"పట్టుగూళ్ళు తడిపి తూకానికేసే బుద్ధి యాడ నేర్చినావు? ఉండేది ఉన్నట్టు ఎక్కు."

నలభై తొమ్మిదింబావు. రక్తం కూడా కొంచెం పెరిగింది. డాక్టరు కలం మూత తీశాడు. ఆ రోజు సొన్నమ్మ క్యారియరు తేలేదు. ఆవులప్పకు ఇష్టమూ అయిష్టమూ లేని బ్రెడ్డు రెండు ముక్కలు తినిపించి ఊరుకుంది.

ఆ తర్వాతి రోజులే ఆమెకు కష్టమయ్యాయి. మందు పడ్డాక ఆరు రోజులు అతను ఏ తిండినీ చూడలేకపోయాడు. ఆమె గంటకొకసారి గోరువెచ్చటి జావ రెండు గుక్కలు, శశికళ చెప్పినట్టు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు ఇచ్చేది, అంతకుమించి బలవంతం చేసేది కాదు. వచ్చిపోయేవాళ్ళు ముఖం మీదే అన్నారు, మొగున్ని పస్తు పెడుతోందని. హనుమక్క ఊరంతా చెప్పింది. వండి పెట్టకుండా చేతులు ఊరికే ఉంచడం సొన్నమ్మకు ఎప్పుడూ తెలియదు. చేతులు ఆడక పురుగులింట్లో ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం తోటలో ఆకు కోస్తుంటే వెనక అలికిడయింది. ఆవులప్ప. చేతిలో కట్టె, తలకు తువ్వాలు.

"ఏమప్పా, ఎండలో యాడికొచ్చినావు?"

"మే, ఆకలయితాండాది."

సొన్నమ్మ కొడవలి అక్కడే వదిలేసింది. "ఏం కావాల?"

"ఏదైనా. సంగటుంటే చూడు, వేడివేడిగా."

యాభై నాలుగేళ్ళ మనిషి తోట గట్ల మీద పరుగెత్తడం ఆ రోజు పక్క చేలవాళ్ళు చూశారు, ఏదో అయిందని భయపడ్డారు. నిమ్మకాయంత సంగటి ముద్దలు నాలుగు చేసి, గుడ్డు పులుసు పోసి పెట్టింది. పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"ఏమిటికట్ల తిరుక్కున్నావు?"

"నువ్వు తిను. నేను చూస్తే మేయవు."

అతను మూడు ముద్దలు తిన్నాడు. కాసేపాగి నాలుగోదీ తిన్నాడు. గోడ వైపు కూర్చున్న మనిషి చప్పుళ్ళు లెక్కపెట్టుకుంటూనే ఉంది.

అక్కడి నుంచి అంతా సాఫీగా జరిగిందని కాదు. నాలుగోసారి నోరంతా పుండ్లయి కిలోన్నర దిగింది. అయిదోది పదిరోజులు ఆలస్యమయింది. వేళ్ళ కొసలు మొద్దుబారి, చొక్కా గుండీలు ఆమే పెట్టాల్సి వచ్చేది. కానీ ప్రతిసారీ ఏదో ఒక రోజు ఆ మాట వచ్చేది, ఆకలయితాండాదని. దానికోసమే ఆమె ఆగేది. ఒక్క పితికిపప్పు మాత్రం తిరిగి రాలేదు. పక్కింట్లో సారు కాగితే అతను తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు, ఆమె లేచి కిటికీ మూసేది. ముప్పై ఎనిమిది చలికాలాలు కలిసి తిన్న తిండి అట్లా ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

ఏప్రిల్లో ఆరోదానికి వచ్చినప్పుడు మిషను యాభై రెండు చూపించింది. మందు ఎక్కుతుండగా సొన్నమ్మ శశికళ గదికి వెళ్ళి బల్ల మీద ఒక మూట పెట్టింది.

"ఏమిదక్కా?"

"పితికిన పప్పమ్మా, సంక్రాంతికి ముందు ఎండబెట్టి పెట్టింటి, ఎప్పుడన్నా తింటాడేమోనని. మా ఇంట్లో ఇంగ తినేవాళ్ళు లేరు. నేనొక్కదాన్నే తింటే గొంతు దిగదు. నువ్వు నానబెట్టి సారు కాచుకో. టెంకాయ పచ్చిదే వెయ్యాల."

శశికళ మూట విప్పలేదు. రెండు చేతులతో దగ్గరకు తీసుకుని బల్ల సొరుగులో పెట్టుకుంది.

నాలుగు గంటలకు సూది తీసేశారు. సొన్నమ్మ దుప్పటి మడిచింది, మొగుడికి గుండీలు పెట్టింది, టోపీ సరిచేసింది. నర్సులు తమ పనుల్లోంచి తల ఎత్తలేదు. వరండాలో నడుస్తుంటే చివరి గది తలుపు తెరిచే ఉంది. లోపల కొత్తగా వచ్చిన ఒకామె కూర్చుని ఉంది, శశికళ ఆమెతో అంటోంది: "నిన్న పొద్దున లేచినప్పట్నించి ఏమేం తిన్నారు? ఒక్కొక్కటే చెప్పండి." గుమ్మం ముందు నీడ పడేసరికి శశికళ ఒక్క క్షణం కళ్ళెత్తి, వెంటనే కాగితాల్లోకి దించేసుకుంది.

ఆవులప్ప ఆగాడు. "ఆ యమ్మకు ఒక మాట చెప్పొద్దా?"

"నోరు మూసుకుని నడువు," అని సొన్నమ్మ అతని చేయి గిల్లింది. నోటి దాకా వచ్చిన పోయొస్తామన్న మాటను కొంగు అడ్డం పెట్టి ఆపుకుంది. గేటు కాడ వాచ్‌మను లేచి నిలబడ్డాడు, ఆమె రోడ్డుకు అవతల అమ్ముతున్న పచ్చి మామిడికాయల వైపు చూస్తూ అతన్ని దాటిపోయింది. కోలారు బస్టాండుకు పోయే ఆటో ఆగితే మొగుణ్ణి ముందు ఎక్కించి, తనూ ఎక్కి కూర్చుంది.